నేలలో తోడు ఉంది, పాలే లేవు: విశ్వాసంతో చేసే సేద్యాన్ని విప్పి చూస్తే

చిన్న కమతంలో ప్రకృతి సేద్యం చేస్తూ, నెలకో రోజు నలుగురిని పిలిచి నేర్పే కుటుంబాల దగ్గరికి వెళ్లినప్పుడల్లా నేను ఒక విషయం గమనిస్తూ వచ్చాను. వచ్చినవారు ముందుగా గుమిగూడేది వేపచెట్టు నీడలో గోనెపట్టా కప్పి ఉంచిన 200 లీటర్ల డ్రమ్ము చుట్టూనే. పట్టా తీయగానే పులిసిన బెల్లం వాసన గుప్పుమంటుంది, పైన తేలిన నురగ సన్నగా చిటపటలాడుతుంది, ఇక ప్రశ్నలు మొదలవుతాయి. కర్రను కుడివైపే ఎందుకు తిప్పాలి, పొరపాటున ఎడమకు తిప్పితే చెడిపోతుందా, ఆవు నల్లదైతే మేలా, ఈనని ఆవు మూత్రం పనికొస్తుందా అంటూ గంట గడిచిపోతుంది. డ్రమ్ముకు పదడుగుల దూరంలోనే చేను ఉంటుంది. దాని మీద బెత్తెడు మందాన గడ్డి పరిచి ఉంటుంది. ఆ గడ్డి ఎత్తి కింద చేయి పెట్టి చూసేవారు ఇద్దరో ముగ్గురో.

ఈ వ్యాసం జీవామృతం పులిసే ఆ డ్రమ్ము గురించి, ఆ గడ్డి గురించి, వాటి రెంటి మధ్యా నిలబడిన విశ్వాసం గురించి. విశ్వాసాన్ని తక్కువ చేయాలన్న ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. ఏరువాక పున్నమినాడు కాడికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, తొలి చాలు దున్నిన ఇంట్లోనే నేనూ పుట్టాను. అయితే విశ్వాసం చేసే పని వేరు, సూక్ష్మజీవి చేసే పని వేరు, పప్పుజాతి మొక్క వేళ్లు చేసే పని వేరు. ఈ మూడూ ఒకే మాటగా కలిసిపోయినప్పుడు కొత్తగా నేర్చుకునే రైతే నష్టపోతాడు. అందుకని వాటిని విడదీసి చూడాలి.

తెలుగునాట ఈ సేద్యానికి ఊపు తెచ్చినవారు విదర్భకు చెందిన సుభాష్ పాలేకర్. రసాయన ఎరువులతో మొదట్లో పెరిగిన దిగుబడి కొన్నేళ్లకు పడిపోవడం చూసి, ఎవరూ ఎరువు వేయని అడవి ఎలా పచ్చగా ఉంటోందని పరిశీలించి, ఆయన ఒక పద్ధతిని కూర్చారు. పెట్టుబడి లేని ప్రకృతి సేద్యంగా ప్రచారంలోకి వచ్చిన ఆ పద్ధతిని ఆ తర్వాత ఆయనే ఆధ్యాత్మిక వ్యవసాయమని కూడా పిలిచారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ఈ సేద్యాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. 2024 నాటికి 60 లక్షల మంది రైతులను ఇందులోకి తేవాలని 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఆ గడువు దాటిపోయింది, లక్ష్యం ఇంకా దూరంగానే ఉంది. అయినా జరిగిన పని చిన్నది కాదు. 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికీ, నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌కూ, ఈజిప్టులోని సెకెమ్ సంస్థకూ కలిపి ఇచ్చారు. సెకెమ్ 1977లో ఇబ్రహీం అబూలైష్ కైరో సమీపంలోని ఎడారి నేలలో మొదలుపెట్టిన వ్యవసాయ క్షేత్రం. ఆయన దానికి ఇస్లాం విశ్వాసాన్ని ఒక పునాదిగా చెప్పుకున్నారు. గోవును నమ్మే సేద్యం, ప్రయోగశాలను నమ్మే శాస్త్రం, ఖురాన్‌ను నమ్మే క్షేత్రం ఒకే వేదిక మీద నిలబడ్డాయి. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది నేలలోని సేంద్రియ కర్బనం.

వివాదం కూడా తక్కువేమీ కాదు. 2019 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఈ సేద్యం ప్రస్తావన వచ్చిన కొద్ది నెలలకే జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ దీన్ని శాస్త్రీయంగా రుజువు కాని పద్ధతిగా పేర్కొంటూ ప్రభుత్వం దీన్ని ప్రోత్సహించడాన్ని వ్యతిరేకించింది. ఒకరికి అమృతంగా కనిపించినది మరొకరికి మూఢనమ్మకంగా కనిపించింది. రెండు పక్షాలూ ఎక్కువగా మాట్లాడింది డ్రమ్ము గురించే కాబట్టి, ముందు దాని లెక్క చూద్దాం.

జీవామృతం పాళ్లు ఇప్పుడు ఊరూరా తెలిసినవే. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు కలిపి, నీడలో రెండు రోజులు ఉంచి, పూటకోసారి తిప్పి, ఎకరానికి ఒక డ్రమ్ము చొప్పున పారించాలి. పచ్చి పేడలో నత్రజని 0.3 నుంచి 0.4 శాతం మాత్రమే ఉంటుంది కాబట్టి 10 కిలోల్లో 30 నుంచి 40 గ్రాములు. పది లీటర్ల మూత్రంలో 100 గ్రాముల లోపు. పప్పు పిండిలో మాంసకృత్తులు ఐదో వంతుకు పైగా ఉన్నా, నత్రజనిగా లెక్కిస్తే రెండు కిలోలకు 70 గ్రాములకు అటూ ఇటూ. అన్నీ కలిపితే డ్రమ్ము మొత్తానికి 200 గ్రాములు, అంటే అరకిలో యూరియాకు కూడా సాటిరాదు. పదిహేను రోజులకోసారి చొప్పున నాలుగు నెలల పంటకు ఎనిమిది డ్రమ్ములు పారించినా కిలోన్నర దాటి కొద్దిగా. దీనికి తోడు, పేడనే ఎండబెట్టి పొడిగా చేసే ఘన జీవామృతం నాలుగు క్వింటాళ్లు వేసుకుంటే మరో నాలుగైదు కిలోలు. ఎకరానికి 25 బస్తాలు పండే వరి గింజలోకీ గడ్డిలోకీ కలిపి తీసుకునే నత్రజని 30 కిలోలకు తక్కువ ఉండదు. లెక్క ఎంత ఉదారంగా వేసినా 20 కిలోలకు పైగా తేడా వస్తుంది.

ఈ తేడాను పాలేకర్ దాచలేదు. జీవామృతం మొక్కకు ఆహారం కాదనీ, పాలకు తోడు లాంటిదనీ ఆయనే చెబుతారు. చెంబుడు పాలను పెరుగు చేయడానికి చెంబుడు పెరుగు అక్కర్లేదు, చెంచాడు చాలు. వినగానే మనసుకు హత్తుకునే పోలిక ఇది. మన ఆడవాళ్లు రోజూ రాత్రి చేసే పనే కనుక ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఈ పద్ధతి ఇంత వేగంగా పల్లెల్లోకి పాకడానికి ఈ ఒక్క పోలికే సగం కారణమని నాకు అనిపిస్తుంది.

పోలికను చివరిదాకా పట్టుకుని నడిస్తే అసలు విషయం బయటపడుతుంది. దేశవాళీ ఆవు పేడ గ్రాములో 300 కోట్ల నుంచి 500 కోట్ల దాకా మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయన్నది ఈ సేద్యం నేర్పే శిబిరాల్లో తరచుగా వినిపించే మాట. ఆ అంకెను అలాగే ఒప్పుకుందాం. ఆరోగ్యంగా ఉన్న నేలలో గ్రాముకు 100 కోట్ల దాకా బ్యాక్టీరియా ఎలాగూ ఉంటాయి. ఎకరం నేల పై పొర, జానెడు లోపు లోతుకే, 9 లక్షల కిలోల దాకా బరువు తూగుతుంది. అంత మట్టిలో ఇప్పటికే ఉన్న జీవుల ముందు పది కిలోల పేడలో ఉన్నవి వేల వంతుల్లో ఒక వంతు కూడా కావు. డ్రమ్ములో రెండు రోజుల్లో అవి ఎన్ని రెట్లు పెరిగినా పరిస్థితి పెద్దగా మారదు. అంటే నేలలో తోడు ముందునుంచీ ఉంది. మన నేలలకు లేనివి పాలు. ఎండుటాకు, గడ్డి, వేర్లు, పచ్చిరొట్ట, పెంట రూపంలో ఏటా అందాల్సిన సేంద్రియ పదార్థం అందక, మన సాగు నేలల్లో చాలా భాగం సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని స్థితికి చేరాయి. ఖాళీ గిన్నెలో రోజూ తోడు వేస్తూ కూర్చుంటే తెల్లారేసరికి పెరుగు తోడుకోదు.

అలాగని డ్రమ్ము వట్టిదని నేను అనడం లేదు. బెల్లం లాంటి తేలిక ఆహారం అందగానే నేలలోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా చురుకై, పాత సేంద్రియ పదార్థాన్ని కూడా విరగ్గొట్టి అందులోని పోషకాలను విడుదల చేయడం నేల శాస్త్రానికి తెలిసిన సంగతే. జీవామృతం పారించిన వారానికి పైరు నిగనిగలాడిందని రైతు చెబితే అది భ్రమ కానక్కర్లేదు. కానీ ఆ విడుదలయ్యేది ఎప్పుడో దాచిన సొమ్ము. గడ్డీ పచ్చిరొట్టా తిరిగి వేస్తున్న చేనులో ఆ ఖర్చు పూడుతుంది. అవేమీ వేయకుండా డ్రమ్ము మీదే ఆధారపడిన చేను రెండో ఏటికో మూడో ఏటికో పలచబడుతుంది. పాలేకర్ పద్ధతిలోనే నేలను కప్పి ఉంచే ఆచ్ఛాదన, నేలలో గాలీ తేమా సమంగా ఉండే వాఫస కూడా స్తంభాలే, అంతర పంటలూ అందులో భాగమే. బోధనలో డ్రమ్ము ముందుకొచ్చి అవి వెనక్కి జరగడమే చిక్కు. డ్రమ్ము తయారీని ఒక పూటలో చూపించవచ్చు, గడ్డి కింద నేల మారడాన్ని చూపించాలంటే మూడేళ్లు కావాలి.

ఇలాంటిదే ఇంకో మాట కూడా ఉంది. మొక్క తన శరీరంలో 98 శాతానికి పైగా గాలి, నీరు, ఎండల నుంచే కట్టుకుంటుందని, నేల నుంచి తీసుకునేది ఒకటిన్నర శాతమేనని చెబుతారు. ఎండు బరువులో 95 శాతం దాకా కర్బనం, ఆక్సిజన్, హైడ్రోజన్‌లే కాబట్టి ఈ మాటలో చాలా నిజం ఉంది. కాని నత్రజని ఆ మిగిలిన వాటాలోది. గాలిలో నూటికి 78 పాళ్లు అదే ఉన్నా వరి మొక్క నేరుగా పీల్చుకోలేదు. పప్పుజాతి వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బ్యాక్టీరియానో, నీటిమడిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచో దాన్ని పట్టి ఇవ్వాలి. బాగా పెరిగిన జీలుగనో జనుమునో దున్నేస్తే ఎకరానికి 20 నుంచి 30 కిలోల నత్రజని చేరుతుంది. పైన తేలిన తేడాను పూడ్చగలిగేది ఇదీ. భాస్వరం సంగతి వేరు. దాన్ని గాలి నుంచి పట్టే జీవి ఏదీ లేదు. నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగించే జీవులున్నాయి గాని, గింజతోపాటు చేను దాటిపోయినదాన్ని ఏదో ఒక రూపంలో తిరిగి తెచ్చుకోక తప్పదు. పొటాష్ విషయంలో వరి రైతుకు కొంత ఊరట ఉంది. అందులో అధిక భాగం గడ్డిలోనే ఉంటుంది గనుక, గడ్డిని తగలబెట్టకుండా చేనుకు తిరిగి ఇస్తే చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది.

మన నవధాన్యాల కథను చూస్తే విశ్వాసమూ లెక్కా ఎంత చక్కగా కలిసి పనిచేయగలవో తెలుస్తుంది. పెళ్లిలో పాలికల్లో మట్టి పోసి, నవధాన్యాలు చల్లి, నీళ్లు చిలకరించి మొలకెత్తించడం మనకు మంగళకార్యం. మొలకలు గుబురుగా వస్తే సంసారం పచ్చగా ఉంటుందంటారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యంలో వానలకు ముందే పొడి దుక్కిలో జొన్న, సజ్జ, ఉలవ, అలసంద, పెసర, నువ్వు, ఆముదం, ఆకుకూరలు, తీగజాతులు కలిపి చల్లుతున్నారు. రకాలు 20 దాటినా రైతులు వాటిని నవధాన్యాలనే అంటారు. విత్తనాలకు బంకమట్టి, బూడిద, విత్తనశుద్ధికి వాడే బీజామృతం పట్టించి గుళికలుగా చేస్తారు. ఏ కాస్త తేమ తగిలినా మొలకెత్తేవి మొలకెత్తుతాయి, ఎండకు బోసిగా ఉండాల్సిన నేల పచ్చబడుతుంది, అసలు పంటకు ముందే పశువులకు మేతా ఇంటికి నాలుగు ఆకుకూరలూ దొరుకుతాయి. ఈ పద్ధతిని ఇంగ్లీషు పేరుతో చెబితే గుర్తుంచుకునేవారు ఎందరో తెలియదు గాని, నవధాన్యాలు అనగానే ముసలమ్మలకు కూడా ఏం చేయాలో తెలిసిపోయింది.

క్షేత్ర ప్రయోగాలు కూడా ఈ వైపే వేలు చూపిస్తున్నాయి. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాల్లోనే ప్రకృతి, సేంద్రియ, రసాయన పద్ధతులను పక్కపక్కన పెట్టి చేసిన ప్రయోగాల్లో ప్రకృతి సేద్యపు మడులు దిగుబడిలో వెనకబడలేదు సరికదా, చాలాచోట్ల ముందున్నాయి. దానికి వారు ఎత్తిచూపిన కారణాల్లో ముఖ్యమైనవి గడ్డి కప్పడం వల్ల నేల చల్లబడటం, తేమ నిలవడం, వానపాములు పెరగడం. మరోవైపు, 2020లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం నత్రజని లెక్కల ఆధారంగా హెచ్చరిక కూడా చేసింది. ఇప్పటికే ఎరువు తక్కువగా వాడే రైతుకు ఈ పద్ధతి మేలు చేస్తుందని, ఎరువు దండిగా వేసి దండిగా పండించే చోట మాత్రం దిగుబడి తగ్గే ప్రమాదం ఉందని దాని సారాంశం. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని నేను అనుకోను. అనంతపురం వేరుశనగ రైతుకూ కోనసీమ వరి రైతుకూ ఒకే జవాబు ఎలా ఉంటుంది?

ఇక ఆవు. ఒక్క దేశవాళీ ఆవు 30 ఎకరాలకు చాలునన్న మాట వినగానే కొందరు చేతులు జోడిస్తారు, కొందరు పెదవి విరుస్తారు. ఆ 30 అంకె ఎక్కడిదో తెలిస్తే రెండూ అక్కర్లేదు. ఆవు రోజుకు వేసే పేడ పది కిలోల లెక్కన ఒక డ్రమ్ముకు, ఒక డ్రమ్ము ఒక ఎకరానికి నెలకోసారి, నెలకు 30 రోజులు. ఇది కూడిక మాత్రమే, పోషకాల లెక్క కాదు. అయినా చిన్న రైతుకు ఆవు ఇచ్చేది డ్రమ్ము ఒక్కటే కాదు. గట్టు మీది గడ్డినీ, పంట చెత్తనూ పెంటగా మార్చి తిరిగి ఇచ్చే జీవం అది. ఇంట్లో ఆవు ఉంటే ఆ కుటుంబం గడ్డిని తగలబెట్టదు, గట్టును బోసిగా ఉంచదు, కొట్టం ఊడ్చిన చెత్తను పారేయదు. గోపూజ అలవాటు చేసిన క్రమం ఇదంతా. ఆ క్రమాన్ని గేదెతోనో మేకలతోనో సాగించే కుటుంబం కూడా అదే ఫలితం పొందుతుంది. జాతి, రంగు, పేర్ల మీద పట్టుబట్టి, ఆవు లేని రైతును గుమ్మంలోనే ఆపేసే బోధన వల్ల నేలకు ఒరిగేదేమీ లేదు. మన ఊళ్లలో కౌలుకు చేసేవారిలో ఎక్కువమందికి ఆవును కట్టేసే చోటు కూడా ఉండదన్న సంగతి శిబిరాల్లో గుర్తుచేసేవారు తక్కువ. అందుకే ఊళ్లలో జీవామృతం, ఘన జీవామృతం తయారుచేసి అమ్మే చిన్న దుకాణాలు పుట్టుకొచ్చాయి. వాటిని వ్యాపారమని ఈసడించుకోవడం సరికాదు.

విశ్వాసం ఒక్క మతానిది కాదనడానికి జింబాబ్వే మంచి ఉదాహరణ. బ్రయాన్ ఓల్డ్రీవ్ అనే రైతు క్రైస్తవ విశ్వాసం కారణంగా పొగాకు సాగును వదులుకుని, 1980ల్లో హింటన్ ఎస్టేట్‌లో దున్నకుండా మొక్కజొన్న పండించే ప్రయోగం మొదలుపెట్టాడు. అడవిలో ఎవరూ దున్నరు, నేల ఎప్పుడూ ఆకులతో కప్పుకుని ఉంటుంది, దేవుడు సేద్యం చేసే తీరు అదేనన్నది ఆయనకు తట్టిన మాట. అడవిని చూసి పాలేకర్ వేసుకున్న ప్రశ్నకూ దీనికీ ఎంత దగ్గరితనం! నేల మీద పరిచే గడ్డిని అక్కడ దేవుని దుప్పటి అంటారు. పని సకాలంలో చేయాలి, కొలత తప్పకుండా చేయాలి, ఏదీ వృథా పోనివ్వకూడదు, సంతోషంగా చేయాలి అనే నాలుగు నియమాలను ప్రార్థనతోపాటు నేర్పుతారు. ఆ పద్ధతి నుంచే ఫుమ్వూద్జా అనే చిన్న మడి పుట్టింది. 39 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉన్న మడిలో 52 వరుసలు, వరుసకు 28 గుంటలు, మొత్తం 1,456. ఒక వరుసలో పండినది ఒక కుటుంబానికి ఒక వారపు తిండి, 52 వరుసలు ఏడాదికి. చదువు రాని తల్లి కూడా వరుసలు లెక్కపెట్టి తన ఇంట్లో ఏ నెల దాకా గింజలుంటాయో చెప్పగలదు. 2020లో అక్కడి ప్రభుత్వం ఈ మడినే దేశవ్యాప్త కార్యక్రమంగా తీసుకుంది.

అక్కడా తెర వెనుక కథ ఉంది. గుద్దలితో గుంటలు తవ్వడం ఎంత చాకిరీ అంటే, అక్కడి రైతులు ఈ పద్ధతికి తవ్వి చావు అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఆ చాకిరీలో అధిక భాగం ఆడవారిదే. గడ్డి పరుద్దామంటే ఎండాకాలంలో పశువులు తినేస్తాయి. 2009లో కెన్ గిల్లర్ తదితర శాస్త్రవేత్తలు ఆఫ్రికా చిన్న రైతులకు ఈ తరహా దున్నని సేద్యం అంతటా పనికిరాదని వాదిస్తూ తమను తాము మతవిరోధులుగా చెప్పుకున్నారు. వ్యవసాయ పద్ధతి మీద సందేహం వెలిబుచ్చడానికి శాస్త్రవేత్తలు కూడా మతభాషనే వాడవలసి వచ్చిందంటే, నమ్మకం ఎంత గట్టిగా పెనవేసుకుందో తెలుస్తోంది. దిగుబడి పెరిగిన చోట కూడా దున్నకపోవడం ఒక్కటే కారణం కాదు. తొలివానకే విత్తడం, కొలత ప్రకారం నాటడం, కలుపు తీయడం, గుంటలో ఎరువు గుప్పెడు వేయడం అన్నీ కలిసి పనిచేశాయి. మరి ఆ క్రమశిక్షణ ఎక్కడి నుంచి వచ్చింది? సకాలంలో విత్తడం దేవుడి ఆజ్ఞ అనుకున్న రైతు తొలివాన పడ్డ మర్నాడే చేనులో ఉంటాడు. మన రోహిణి, మృగశిర కార్తెల సామెతలు చేసిన పనీ ఇదే.

విశ్వాసం ఏం చేస్తుందో ఇక్కడ స్పష్టమవుతుంది. అది నత్రజనిని తయారుచేయదు, మనిషిని మాత్రం చేను విడవనివ్వదు. ఎరువు మానిన తొలి రెండేళ్లు పైరు పసుపుబారి, పక్క చేనువారు నవ్వి, ఇంట్లో గొడవై, మళ్లీ యూరియా బస్తా తెచ్చుకునే రోజులు. ఆ గడ్డుకాలం దాటించడానికి లాభనష్టాల పట్టీ ఒక్కటే సరిపోదు. నేల తల్లి అనుకున్నవాడు, తన చేను తనకు దేవుడు అప్పగించిన పొలం అనుకున్నవాడు మరో ఏడాది ఓపిక పడతాడు. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా రైతులు పాత పంటల విత్తనాలను సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద ఊరూరా ఊరేగించి, విత్తనాలకు పూజ చేసి జాతర జరుపుతూ వచ్చారు. మార్కెట్ వద్దన్న కొర్రలను, సామలను ఇన్నేళ్లు నిలబెట్టింది ఆ భక్తే.

అదే విశ్వాసం కీడు చేసే చోటును కూడా చెప్పి తీరాలి. పంట పోయినప్పుడు, నీ నమ్మకం చాల్లేదు, నువ్వు రసాయనాలు కలగలిపి వాడావు, నీ ఆవు అసలు దేశవాళీ కాదు అని నేర్చుకున్నవాడి మీదికి తప్పు నెట్టే గురువులను నేను చూశాను. పద్ధతి ఎప్పుడూ ఓడిపోదు, రైతే ఓడిపోతాడు. అలా చెప్పే బోధన ఎంత భక్తిగా ఉన్నా రైతుకు ద్రోహం చేస్తుంది. పెట్టుబడి లేని సేద్యం అనే పేరు మీద కూడా నాకు ఈ కారణంగానే అభ్యంతరం. డ్రమ్ము తిప్పే చేతులకు, గడ్డి మోసే తలకు, కలుపు తీసే నడుముకు కూలి కట్టకపోవడం వల్లనే పెట్టుబడి సున్నా అవుతుంది. ఆ చేతులు ఎక్కువగా ఇంటి ఆడవారివి.

కాబట్టి నేర్పేచోటు ముఖ్యం. పెద్ద సభామండపంలో ఐదు రోజులు విన్న మాటను పరీక్షించడానికి వీలుండదు. రెండు మూడెకరాల ఇంటి చేనులో నేర్చుకుంటే గురువు దాచలేనివి చాలా ఉంటాయి. పసుపుబారిన మూల కనిపిస్తుంది, బియ్యం డబ్బా కనిపిస్తుంది, అత్తాకోడళ్ల అలసట కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో రైతుకు రైతే గురువుగా ఉండే పద్ధతి పెట్టుకోవడం, దాన్ని మహిళా సంఘాల మీద నిలబెట్టడం సరైన ఆలోచన. దీనికి ముందే 2000ల మొదట్లో అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊరు పురుగుమందు మానేసినప్పుడు, చుట్టుపక్కల ఊళ్లు నమ్మింది ఆ ఊరి పత్తిని చూసే.

నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చిన పాఠం రెండు గాజు గ్లాసులతో చెప్పినది. ఆ ఇంటావిడ తన చేనులో గడ్డి కింది నుంచి ఒక మట్టిగడ్డ, పక్కన ఏటా మూడుసార్లు దున్నే చేను నుంచి ఒక మట్టిగడ్డ, రెండూ నిమ్మకాయంతవి, ముందురోజే ఎండబెట్టి ఉంచింది. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, పైన జల్లెడ ముక్క పెట్టి, ఒక్కోదాన్ని మెల్లగా నీటిలో మునిగేలా దించింది. దున్నిన చేను గడ్డ పిండి ముద్దలా విచ్చిపోయి నిమిషంలో నీళ్లు బురదయ్యాయి. గడ్డి కింది గడ్డ బుడగలు వదులుతూ అలాగే నిలబడింది. నీళ్ల అడుగున ఆమె చేతి గీతలు కూడా కనిపించాయి. మట్టి రేణువులను పట్టి ఉంచే జిగురు బూజుతీగలూ వేర్లూ సూక్ష్మజీవులూ కలిసి చేసిందని, వాన పడితే మొదటి చేను పైమన్ను కాలువ పాలవుతుందని, రెండోది నీళ్లు తాగుతుందని ఆమె చెప్పింది. ఆ తర్వాత లోపలికి వెళ్లి తన లెక్కల పుస్తకం తెచ్చింది. మొదటి ఏడు 17 బస్తాలు, రెండో ఏడు 16, నాలుగో ఏడు 23, పక్కింటి చేనులో ప్రతి ఏడూ 26కు తగ్గలేదు. కూలి కాలమ్‌లో తన పనిదినాలు కూడా రాసుకుంది. గోడ మీద అమ్మవారి పటం ఉంది, దాని కిందే ఈ పుస్తకం ఉంటుందట. ఎవరైనా తన దగ్గర నేర్చుకోదలిస్తే మొదటి ఏడు పది సెంట్లలోనే మొదలుపెట్టాలని, పక్కనే మరో పది సెంట్లు ఎప్పటిలాగే ఉంచి రెండూ కొలిచి చూసుకోవాలని ఆమె షరతు.

వచ్చినవారిలో ఒక కుర్రవాడు చివరిదాకా ఉండి అడిగాడు. ‘‘అక్కా, నాది కౌలు చేను. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకున్నాను. వచ్చే ఏడు అది నా చేతిలో ఉంటుందో లేదో తెలియదు. మూడేళ్లు ఆగమంటే నేనెక్కడ ఆగను?’’

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి, ‘‘నిన్ను ఆగమని నేను చెప్పలేను తమ్ముడూ. ఎరువు ఒక్కసారిగా మానకు, కౌలు కట్టలేక మునిగిపోతావు. కోతకు రెండ్రోజుల ముందు తేమ ఉండగానే పచ్చిరొట్టకు పిల్లిపెసర చల్లు. గడ్డి తగలబెట్టకు. ఆ రెండూ ఈ ఏడే నీకు కనిపిస్తాయి, చేను ఎవరిదైనా సరే’’ అంది. లోపల కుండలోంచి మానెడు గింజలు కొలిచి అతని కండువాలో పోసింది. పుస్తకం తెరిచి, కొత్త పేజీలో అతని పేరు అడిగి రాసుకుంది. పేరు కింద ‘‘పిల్లిపెసర ఒక మానెడు, తిరిగి ఇచ్చేటప్పుడు రెండు’’ అని రాసింది.